ఆలోచనకూ ఒక ఊరుంటుంది

యూరప్ పొలాల్లో కలుపు మొలవదు. 1927లో ఓడెక్కి యూరప్ వెళ్లిన జపాన్ తత్వవేత్త వాట్సుజి టెట్సురోకి ఈ మాట చెప్పింది క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త. ఓడ వానలు ముంచెత్తే ఆసియా తీరాలు దాటింది, చెట్టూ చేమా లేని అరేబియా గట్లు దాటింది, పచ్చటి దక్షిణ ఇటలీ ఒడ్డుకు చేరువైంది. ఆ ఒక్క మాట తన కళ్లు తెరిపించిందని వాట్సుజి తర్వాత రాసుకున్నాడు.

కలుపు సంగతి తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తొలకరి పడిందంటే పైరు కన్నా ముందు గడ్డి లేస్తుంది. ఒకటికి రెండుసార్లు కలుపు తీయకపోతే పంట చేతికి రాదు. వేడీ తడీ కలిసి వచ్చే జపాన్ వేసవిలోనూ రైతుకు ఇదే తిప్పలు. మధ్యధరా తీరంలో లెక్క వేరు. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది, వానలు చలికాలంలో పడతాయి. మొండి గడ్డి బలవడానికి కావలసిన వేడీ తడీ ఒకేసారి దొరకవు. అలాంటి చోట ప్రకృతి మనిషికి మాట వినేదిలా, ఒక క్రమంలో నడిచేదిలా కనిపిస్తుందనీ, ప్రకృతిలో నియమాలు వెతికే గ్రీకు ఆలోచనకు ఆ నేలా ఆ గాలీ తోడయ్యాయనీ వాట్సుజి వాదించాడు.

అదే ఏడాది బెర్లిన్‌లో ఆయన చేతికి ఒక కొత్త పుస్తకం వచ్చింది. మార్టిన్ హైడెగర్ రాసిన 'బీయింగ్ అండ్ టైమ్'. మనిషి ఉనికిని కాలంతో ముడిపెట్టి వివరించిన ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దపు యూరప్ తత్వాన్ని మలుపు తిప్పింది. వాట్సుజి దాన్ని ఇష్టంగా చదివాడు, అందులో ఒక వెలితినీ చూశాడు. కాలానికి ఇంత పెద్దపీట వేసిన హైడెగర్ స్థలాన్ని ఎందుకు పక్కన పెట్టాడు? మనిషి బతికేది ఒక నేల మీద, ఒక వాతావరణంలో, పదిమంది మధ్య కదా? ఆ ప్రశ్నకు జవాబుగా 1935లో ఆయన 'ఫూడో' అనే పుస్తకం వేశాడు. ఆ జపనీస్ మాటకు గాలీ నేలా అని అర్థం.

అందులో ఆయన చలిని ఉదాహరణగా తీసుకుంటాడు. చలి ఎక్కడో బయట ఉండి వచ్చి మనిషిని తాకే వస్తువు కాదంటాడు. చలిగా ఉందని తెలిసిన క్షణంలోనే మనిషి దుప్పటి కప్పుకుంటాడు, కుంపటి దగ్గరికి జరుగుతాడు, పిల్లలకు చొక్కా తొడుగుతాడు, ఎదురైనవాడితో 'ఇవాళ చలి ఎక్కువగా ఉంది' అంటాడు. ఇల్లు, బట్ట, తిండి, చివరికి పలకరింపు కూడా ఒక వాతావరణంలో మనిషి తనను తాను అర్థం చేసుకునే తీరులే.

ఈ వాదంలో చిక్కూ ఉంది. వాట్సుజి లోకాన్ని రుతుపవనాల నేల, ఎడారి, పచ్చిక బయలు అని మూడు ముక్కలు చేశాడు. రుతుపవనాల నేల మీది మనుషులు ప్రకృతికి తల ఒగ్గి ఓర్పుతో ఉండిపోతారన్నాడు. భారతదేశమంతటినీ ఆ ఒక్క గాటన కట్టాడు. పరాయి పాలన, వర్తకం, తిరుగుబాట్లు ఆ లెక్కలోకి రాలేదు. ఆయన జవాబు నిలవకపోయినా ప్రశ్న మాత్రం నిలిచింది. ఆలోచనకూ అది పుట్టిన చోటుకూ ఉన్న సంబంధం ఏమిటి?

పేరు పెట్టింది అవతలి ఒడ్డువాళ్లు

హైడెగర్, సార్త్ర్, ఫూకో, డెరిడా లాంటివాళ్ల ఆలోచనా సంప్రదాయాన్ని 'కాంటినెంటల్ ఫిలాసఫీ' అంటారు. హోటళ్లలో 'కాంటినెంటల్ బ్రేక్‌ఫాస్ట్' అనే మాట చాలామంది వినే ఉంటారు. రెండు మాటలూ ఒక చోటే పుట్టాయి. బ్రిటన్‌వాళ్లకు ఇంగ్లిష్ చానెల్‌కు అవతల ఉన్న యూరప్ అంతా 'కాంటినెంట్', అంటే ఖండం. 1840 ప్రాంతంలోనే జాన్ స్టూవర్ట్ మిల్ అవతలి ఒడ్డు తత్వం గురించి రాస్తూ ఆ మాట వాడాడు. జర్మన్లూ ఫ్రెంచివాళ్లూ తమకు తాము పెట్టుకున్న పేరు కాదిది.

దీనికి పోటీగా చెప్పేది 'అనలిటికల్ ఫిలాసఫీ'. తర్కం, భాషా విశ్లేషణ దాని పనిముట్లు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఆ తర్వాత అమెరికన్ విశ్వవిద్యాలయాలు దాని నెలవులు. ఒకదానికి పద్ధతిని బట్టి పేరు వచ్చింది, ఇంకోదానికి చోటును బట్టి. ఈ విభజన కార్లను ముందు చక్రాలతో నడిచేవి, జపాన్‌లో తయారైనవి అని రెండుగా విడదీసినట్టుందని బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ అన్నాడు. పైగా అనలిటికల్ తత్వానికి పునాది వేసిన ఫ్రేగె జర్మన్. విట్‌గెన్‌స్టైన్‌ది వియన్నా. తర్కాన్నే నమ్ముకున్న వియన్నా సర్కిల్ పుట్టిందీ ఆ ఖండం మీదే. 1936లో ఆ బృందానికి పెద్ద అయిన మోరిట్జ్ ష్లిక్‌ను వియన్నా విశ్వవిద్యాలయం మెట్ల మీద ఒక పూర్వ విద్యార్థి కాల్చి చంపాడు. నాజీల నీడ పరుచుకునేకొద్దీ మిగిలినవాళ్లలో చాలామంది బ్రిటన్‌కూ అమెరికాకూ వెళ్లిపోయారు. ఇవాళ ఇంగ్లిష్ దేశాల తత్వంగా చలామణి అవుతున్నదాన్ని నిలబెట్టినవాళ్లలో ఈ కాందిశీకులూ ఉన్నారు.

సూట్‌కేసుల్లో సరిహద్దు దాటిన కాగితాలు

హైడెగర్‌కు గురువు ఎడ్మండ్ హుసెర్ల్. అనుభవం మనిషికి ఎలా తెలియవస్తుందో దాన్ని అలాగే వర్ణించాలనే 'ఫినామినాలజీ' పద్ధతికి ఆయనే ఆద్యుడు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1933లో ఆయన్ని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి దూరం చేశారు. అదే ఏడాది హైడెగర్ ఆ విశ్వవిద్యాలయానికే రెక్టర్ అయ్యాడు, నాజీ పార్టీలో చేరాడు. పెద్ద ఊళ్లకు దూరంగా, బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో టోట్‌నౌబెర్గ్ దగ్గరున్న చిన్న కొయ్య ఇంట్లో కూర్చుని ఆలోచించడమంటే ఆయనకు ప్రాణం. బెర్లిన్ పిలిచినా వెళ్లలేదు. తన పనికి ఆ కొండలూ ఆ రైతులే ఆధారమని 1934లో ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. సొంత నేల మీద మమకారం ఒక ఆలోచనను పెంచగలదు. ఆ మమకారమే, నేల మనదీ వాళ్లది కాదూ అనే రాజకీయానికి దారి కూడా వేయగలదు. హైడెగర్ జీవితంలో రెండూ జరిగాయి.

1938 ఏప్రిల్‌లో హుసెర్ల్ చనిపోయేనాటికి దాదాపు 40,000 పేజీల రాతప్రతులు మిగిలాయి, షార్ట్‌హ్యాండ్‌లో. నాజీల చేతికి చిక్కితే అవి దక్కవన్న భయం ఆయన భార్య మల్వినాది. ఆ వేసవిలో హెర్మన్ లియో వాన్ బ్రెడా అనే యువ బెల్జియన్ సన్యాసి తన పరిశోధన కోసం ఫ్రైబర్గ్ వచ్చాడు. పరిస్థితి చూసి కాగితాలను కాపాడే పనికి పూనుకున్నాడు. వాటిని సూట్‌కేసుల్లో సర్ది బెర్లిన్ తీసుకెళ్లి బెల్జియం రాయబార కార్యాలయంలో దాచాడు. దౌత్య సామాను కాబట్టి జర్మన్ అధికారులు విప్పి చూడరు. ఆ ఏడాది చివరికల్లా కాగితాలు బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1939లో ఫ్రెంచి తత్వవేత్త మెర్లో-పాంటీ, యుద్ధమయ్యాక డెరిడా వాటిని చదవడానికి లూవెన్ వెళ్లారు. ఫ్రాన్స్‌లో ఆ తర్వాత నడిచిన పెద్ద చర్చల వెనుక ఆ సూట్‌కేసులున్నాయి.

అందరికీ అంత అదృష్టం లేదు. జర్మన్ యూదు ఆలోచనాపరుడు వాల్టర్ బెంజమిన్ 1940 సెప్టెంబరులో ఫ్రాన్స్ నుంచి కొండదారి పట్టి స్పెయిన్ సరిహద్దు ఊరు పోర్ట్‌బౌ చేరాడు. వెనక్కి పంపేస్తామన్నారు. ఆయన అక్కడే ప్రాణం తీసుకున్నాడు. హన్నా అరెంట్ ఫ్రాన్స్‌లోని నిర్బంధ శిబిరం నుంచి బయటపడి 1941లో న్యూయార్క్ చేరింది. 1951లో అమెరికా పౌరసత్వం దొరికేదాకా ఆమెకు ఏ దేశమూ లేదు. అదే ఏడాది అచ్చయిన 'ది ఆరిజిన్స్ ఆఫ్ టోటాలిటేరియనిజం'లో, దేశం లేని మనిషికి మానవ హక్కులు కూడా మిగలడం లేదని ఆమె చూపించింది. అది ఆమె బతికి తెలుసుకున్న సంగతి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1923లో మొదలైన సామాజిక పరిశోధన సంస్థ కూడా నాజీలు రాగానే జెనీవాకు, అక్కడి నుంచి న్యూయార్క్‌కు తరలింది. ఆ సంస్థకు చెందిన హార్క్‌హైమర్, అడోర్నో 1941లో లాస్ ఏంజెలిస్‌కు మారారు. సినిమా, రేడియో, పాటలు ఫ్యాక్టరీ సరుకులా తయారై జనం అభిరుచినీ అచ్చుపోస్తున్నాయన్న వాళ్ల 'సంస్కృతి పరిశ్రమ' విమర్శ హాలీవుడ్‌కు పక్కనే కూర్చుని రాసింది.

సముద్రానికి దక్షిణాన

ఫ్రెంచి తత్వం అనగానే పారిస్ కాఫీ హోటళ్లు గుర్తొస్తాయి. అది తయారైన మరో చోటు మధ్యధరాకు దక్షిణాన ఉంది. అల్బెర్ కామూ, లూయీ అల్తుసెర్, జాక్ డెరిడా, హెలెన్ సిక్సూ, జాక్ రాన్సియేర్, వీళ్లంతా పుట్టింది అల్జీరియాలో. అలెన్ బదియూ పుట్టింది మొరాకోలో. ఫూకో 1966 నుంచి 1968 దాకా ట్యునీషియాలో పాఠాలు చెప్పాడు. 'ది ఆర్కియాలజీ ఆఫ్ నాలెడ్జ్'లో ఎక్కువ భాగం అక్కడే రాశాడు.

డెరిడా 1930లో అల్జీర్స్ పక్కనున్న ఎల్ బియార్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1942 అక్టోబరులో, బడి తెరిచిన మొదటి రోజే, పన్నెండేళ్ల ఆ పిల్లవాణ్ని ఇంటికి పంపేశారు. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం బడుల్లో యూదు పిల్లల సంఖ్యకు హద్దు పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే అల్జీరియా యూదుల ఫ్రెంచి పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచే. ఏది మంచి ఫ్రెంచి అన్నది తేల్చేవాళ్లు మాత్రం సముద్రం అవతల ఉన్నారు. తన భాషలోనే తాను పరాయివాడైన ఆ పిల్లవాడు పెద్దయ్యాక, ఏ గ్రంథంలోనైనా కేంద్రం అనుకున్నది ఎంత కదిలిపోతూ ఉంటుందో, అంచుకు నెట్టేసిన మాటలే దాన్ని ఎలా మోస్తుంటాయో చూపించాడు. తెలుగు విమర్శలో దీన్ని 'వినిర్మాణం' అంటున్నారు. 1996లో వచ్చిన 'మోనోలింగ్విజం ఆఫ్ ది అదర్'లో ఆయనే ఆ బాల్యాన్నీ భాష గురించిన తన ఆలోచననూ ఒకచోట చేర్చి చెప్పాడు.

అల్జీరియాకు బయటి నుంచి వచ్చినవాడు ఫ్రాంజ్ ఫానన్. కరీబియన్ దీవి మార్టినీక్‌లో 1925లో పుట్టాడు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో వైద్యం చదువుతూ మెర్లో-పాంటీ పాఠాలు విన్నాడు. 1953లో అల్జీరియాలోని బ్లీదా మానసిక వైద్యశాలలో డాక్టరుగా చేరాడు. చిత్రహింసలు పడినవాళ్లూ, చిత్రహింసలు పెట్టి నిద్రపట్టని ఫ్రెంచి పోలీసులూ ఆయన దగ్గరికే వైద్యానికి వచ్చారు. 1956లో ఉద్యోగం వదిలేసి స్వాతంత్ర్య పోరాటంలో కలిశాడు. 1961లో అచ్చయిన 'ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్'లో ఆయన వలస నగరాన్ని రెండు ముక్కలుగా చూపిస్తాడు. ఒకవైపు దీపాలు, తారు రోడ్లు, కడుపు నిండిన జనం. ఇంకోవైపు ఒకదాని మీద ఒకటి ఒరిగిన గుడిసెలు, ఆకలి. ఫానన్ చెప్పే అణచివేతను ఊరి పటంలోనే చూడొచ్చు. ఆ పుస్తకానికి సార్త్ర్ ముందుమాట రాశాడు. అదే ఏడాది డిసెంబరులో, 36 ఏళ్లకే ఫానన్ కన్నుమూశాడు.

బాల్టిమోర్ మీదుగా

ఈ ఆలోచనలు ప్రపంచమంతా పాకడానికి ఒక అమెరికన్ నగరం ముఖ్య కారణం. 1966 అక్టోబరులో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఒక సదస్సు పెట్టి లకాన్, బార్త్, డెరిడా వంటివాళ్లను పిలిచింది. అప్పటికి డెరిడా బయట అంతగా తెలియనివాడు. ఆయన చదివిన పత్రం అమెరికా సాహిత్య విభాగాల్లో కొత్త చర్చకు తెర తీసింది. మరుసటేడు ఆయన 'ఆఫ్ గ్రామటాలజీ' ఫ్రెంచిలో వచ్చింది. అయోవాలో పనిచేస్తున్న ఒక యువ అధ్యాపకురాలు ఆ రచయితెవరో తెలియకుండానే కేటలాగులో చూసి పుస్తకం తెప్పించుకుంది. ఆమె కలకత్తాలో పుట్టి పెరిగిన గాయత్రి చక్రవర్తి స్పివాక్. 1976లో సుదీర్ఘమైన ముందుమాటతో ఆమె ఇంగ్లిష్ అనువాదం వెలువడింది. అల్జీరియా యూదుడు ఫ్రెంచిలో రాసిన పుస్తకాన్ని బెంగాలీ స్త్రీ ఇంగ్లిష్‌లోకి తెస్తే లోకం చదివింది.

అప్పటి నుంచి దారి స్థిరపడింది. పారిస్‌లోనో బెర్లిన్‌లోనో పుట్టిన ఆలోచన ఇంగ్లిష్ అచ్చులో పడితేనే సియోల్, సావో పాలో, హైదరాబాద్ చేరుతుంది. స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాలో ఉండే స్లావోయ్ జిజెక్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది 1989లో ఆయన నేరుగా ఇంగ్లిష్‌లో వేసిన పుస్తకమే. ఈ దారిలో టోల్‌గేట్లు చాలా ఉన్నాయి: అనువాద హక్కులు, వీసాలు, ఫీజులు, ప్రభుత్వాల ఇష్టాయిష్టాలు. లండన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయం 2010లో తత్వశాస్త్ర కోర్సులు మూసేస్తామంటే విద్యార్థులు భవనాల్లో బైఠాయించారు. చివరికి అక్కడి ఆధునిక యూరప్ తత్వ పరిశోధన కేంద్రం కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయానికి తరలిపోయింది. హంగరీ ప్రభుత్వంతో తగాదా వచ్చి సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ 2019లో బుడాపెస్ట్ నుంచి వియన్నాకు మారింది.

అంచుల నుంచి వచ్చిన లెక్కలు

అసలు ఈ తత్వం ఎప్పుడైనా యూరప్ గోడల మధ్యే ఉందా? అర్జెంటీనాలో పుట్టిన ఎన్రికే డుసెల్ లేదన్నాడు. ఆధునిక తత్వం డెకార్ట్‌తో 1637లో మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. డుసెల్ లెక్కలో ఆధునికత 1492లో, కొలంబస్ అమెరికా చేరినప్పుడు మొదలైంది. 'నేను ఆలోచిస్తున్నాను' అనే మనిషి కన్నా ముందు 'నేను జయిస్తున్నాను' అనే మనిషి వచ్చాడంటాడు. 1973లో ఇంటి మీద బాంబు దాడి జరిగాక ఆయన మెక్సికో వెళ్లిపోయి 2023లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు.

డెకార్ట్ జీవితమే ఇందుకు సాక్ష్యం. ఫ్రెంచివాడైన ఆయన ఇరవై ఏళ్లు డచ్చి నగరాల్లో గడిపాడు. 1631లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రాసిన ఉత్తరంలో, తూర్పు దేశాల సరుకులతో ఓడలు వచ్చే ఆ రేవు సుఖాలను మెచ్చుకున్నాడు. ఆ ఓడలు నడిపిన డచ్చి కంపెనీకి అప్పటికే మచిలీపట్నంలో వర్తకశాల ఉంది. అన్నిటినీ శంకించి ఒంటరి గదిలో కూర్చున్న తత్వవేత్త ఊరికి బందరు రేవుతో సంబంధం ఉన్నట్టే.

హెగెల్ విషయంలోనూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఆయన 1807లో వేసిన గ్రంథంలో యజమానికీ బానిసకూ మధ్య గుర్తింపు కోసం జరిగే పోరాటం ప్రసిద్ధం. అది గ్రీకుల బానిసత్వం గురించని చాలామంది అనుకున్నారు. హెగెల్ చదివే 'మినర్వా' పత్రికలో హైతీ బానిసల తిరుగుబాటు వార్తలు వచ్చేవని, 1804లో స్వాతంత్ర్యం సాధించిన ఆ తిరుగుబాటును పట్టించుకోకుండా ఆ అధ్యాయాన్ని చదవలేమని అమెరికన్ పండితురాలు సూజన్ బక్-మోర్స్ 2000లో వాదించింది. ఆఫ్రికాకు చరిత్రే లేదని తర్వాత పాఠాల్లో చెప్పిందీ అదే హెగెల్. ఆ మాటకు జవాబు ఇవాళ ఆఫ్రికా నుంచే వస్తోంది. కామెరూన్‌లో పుట్టి జోహనెస్‌బర్గ్‌లో పనిచేస్తున్న అషీల్ ఎంబెంబే, జీవితాల మీద అధికారం గురించి ఫూకో చెప్పినదాన్ని తోటల బానిసత్వం, వలస యుద్ధాల వెలుగులో తిరిగి రాశాడు. 2024లో నార్వే హోల్‌బెర్గ్ బహుమతి ఆయనకు దక్కింది.

జర్మన్ తత్వంలో ఇవాళ బాగా చదివే పేర్లలో ఒకటి బ్యుంగ్-చుల్ హాన్. సియోల్‌లో పుట్టాడు, కొరియాలో లోహశాస్త్రం చదివాడు, జర్మనీ వెళ్లి హైడెగర్ మీద పరిశోధన చేశాడు. 2010లో వచ్చిన 'ది బర్నౌట్ సొసైటీ' వంద పేజీలు కూడా లేని పుస్తకం. పైవాడు కొరడా పట్టుకోనక్కర్లేకుండా మనిషి తనను తానే తరుముకుంటూ అలసిపోతున్నాడంటుంది. అర్ధరాత్రి కాల్‌లో కూర్చునే హైటెక్ సిటీ ఉద్యోగికి అది ఎక్కడో జర్మనీ సంగతి అనిపించదు.

గోళం, లోకం

ప్రపంచీకరణకు ఫ్రెంచిలో రెండు మాటలున్నాయి. ఒకటి గ్లోబు నుంచి, ఇంకోటి 'మోండ్' అంటే ప్రపంచం నుంచి. ఈ తేడాను పట్టుకుని జాన్-లూక్ నాన్సీ 2002లో ఒక పుస్తకమే రాశాడు. సరుకులూ డబ్బూ పోగుపడుతూ భూమిని ఒకే ముద్దగా చేయడం ఒకటి, మనుషులు కలిసి బతికే అర్థమున్న ప్రపంచాన్ని తయారుచేసుకోవడం ఇంకోటి అన్నాడు. తెలుగువాళ్లకు ఈ తేడా వెంటనే అందుతుంది. భూగోళం బల్ల మీద పెట్టి తిప్పే వస్తువు. 'లోకం ఏమంటుంది?' అన్నప్పుడు లోకమంటే మనుషులు.

చోటు తత్వానికి కొత్త అర్థం ఇవ్వడం తెలుగులోనూ జరిగింది. సార్త్ర్, కామూల తత్వాన్ని తెలుగులో 'అస్తిత్వవాదం' అన్నారు. ఒంటరి మనిషి, అతని వేదన, అతని ఎంపిక ఆ మాటలో వినిపించేవి. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోతలు జరిగాయి. స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యాలు బలంగా వచ్చాయి. 'నీలిమేఘాలు', 'చిక్కనవుతున్న పాట' సంకలనాల కాలానికి అదే అస్తిత్వం అనే మాట ఒక సమూహం తన గుర్తింపు కోసం చేసే పోరాటానికి పేరైంది. పారిస్‌లో ఒక మనిషి ప్రశ్నగా మొదలైన మాట తెలుగు నేల మీద వాడల ప్రశ్న అయింది.

ఎదురు దిశలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 'హిమజ్వాల', 'అనుక్షణికం' నవలల రచయితగా తెలుగువాళ్లకు తెలిసిన వడ్డెర చండీదాస్ తిరుపతిలో తత్వశాస్త్రం బోధించాడు. 'డిజైర్ అండ్ లిబరేషన్' అనే తత్వ గ్రంథాన్ని ఇంగ్లిష్‌లో రాశాడు. రూసో, బెర్గ్‌సన్, డెరిడా, డెల్యూజ్‌ల పక్కన ఆయన్ను నిలబెట్టి ఎ. రఘురామరాజు ఒక పుస్తకం తెచ్చాడు.

ఇప్పటిదాకా యూరప్ తత్వం తెలుగుకు ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వచ్చింది. ఫ్రెంచి, జర్మన్, జపనీస్ నేర్పే ఇఫ్లూ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ తరగతుల్లో తెలుగు పిల్లలున్నారు. వాళ్లలో ఏటా ఇద్దరు ముగ్గురికైనా అనువాద వేతనం ఇచ్చి, ఫానన్‌నూ వాట్సుజినీ మూలభాష నుంచే తెలుగులోకి తెచ్చే పనిని తెలుగు అకాడమీలూ విశ్వవిద్యాలయాలూ ప్రచురణకర్తలూ చేపట్టాలి. కలుపు తీసిన చేతులకు 'ఫూడో' మొదటి అధ్యాయాలు కొత్తగా అనిపించవు.